నాలుగో పెట్టె

రాపూరు దాటి, నిమ్మతోటలు అయిపోయే చోట
మద్దిచెట్టుకు కట్టారు నాలుగో పెట్టెని.
అరచేయంత పెట్టె. బొట్టుబిళ్లంత చెవి.
బ్యాటరీ మార్చే పని ఏకొల్లు చెంచురత్తమ్మది.
నెలకు మూడు వేలు, ఒక టార్చిలైటు.

"ఏం వింటాది సామీ ఇది?"
"ఏనుగుల్ని. మన చెవికందని గొంతుతో
మాట్లాడుకుంటాయి అవి."
"మా ఇంటాయనా అంతేలే" అని నవ్వింది.

పెట్టె మాత్రం అన్నీ వింది.
మూడింటికి కరెంటొచ్చి దగ్గిన మోటార్లు,
పండి తనంతట రాలిన నిమ్మకాయ,
కోతకూలి మీద గట్టున ఇద్దరి తగువు,
పక్క ఊరి పెళ్లిలో డీజే.
దాన్నే ఏనుగనుకుని
పన్నెండు ఫోన్లకు మెసేజీ కొట్టింది.
పెళ్లికొడుకు చెప్పు ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

ఆశ్వయుజంలో నిజంగానే వచ్చింది,
వెలిగొండ దిగి, ఒంటిగా.
బత్తినేనోళ్ల డ్రిప్పు పైపుల్ని సేమ్యాలా తొక్కి
ఒక్క కాయా ముట్టకుండా
తొట్టిలో నీళ్లు తాగి పోయింది.
మెసేజీ ముందే అందింది. అందరూ తలుపులేసుకునే ఉన్నారు.
పేపర్లో పెట్టె ఫోటో పడింది,
పట్టుకున్న రత్తమ్మ రెండు వేళ్లతో సహా.

తర్వాతెప్పుడో తిరుపతి నుంచి జునైద్ వచ్చి
ఆ గొంతుని పదింతల వేగం చేసి
స్పీకర్లో పెట్టాడు.
ఎవరో రోలు దొర్లిస్తున్నట్టు.
ఆగి, మళ్లీ.
ఆమె చేయి ఎదమీదికి పోయింది.
"ఇది నాకు తెలుసయా.
ఆ రాత్రుళ్లు బిందె మీద మూత
దానంతటదే అదరతా ఉండె.
నా దిగులే అనుకున్నా."

కాసేపాగి,
"ఎవుర్నో పిలస్తా ఉండాది గదా?"
"అవును."
"పలికినారా?"

జునైద్ తొమ్మిది పెట్టెలూ వెతికాడు,
నలభై ఒక్క రాత్రులు.
మోటార్లు. వాన. మళ్లీ మోటార్లు.
ఆమెకేం చెప్పాడో నాకు తెలియదు.

రత్తమ్మ ఇంకా పోతూనే ఉంది, పదిహేను రోజులకోసారి.
నాలుగో పెట్టె ఫైళ్లలో ఆ రోజులు ఇట్టే తెలుస్తాయి:
ఎండాకుల మీద అడుగులు,
మూత బిగించిన చప్పుడు,
ఆపైన బాగా దగ్గరగా
ఒక ఆడగొంతు,
దించి, ఇంకా దించి,
మనిషి దించగలిగినంత దించి
"ఊఁ" అనడం.

మిషను దాని పక్కన
'ఏనుగు కాదు' అని రాసుకుంది.