తోక ఎక్కడ పెట్టాలి

కారనోడై టోల్ దాటేసరికి పదకొండున్నర.
బంకువాడు బండి తల చూసి రమ్మన్నాడు,
వెనకాల ఇంకా వస్తూనే ఉన్న రెక్కను చూసి
చెయ్యి అడ్డంగా ఊపాడు.

గాలిమర రెక్క. ఒక్కటే. రెండు వందల అడుగులు.
తల దూరిన చోటల్లా తోక రోడ్డు మీదే.
పైలట్ జీపులో ఓబుళేసు
ఫోను చెవికంటించుకుని
వచ్చీరాని అరవంలో బతిమాలుతున్నాడు:
"ఒరు నైట్ దాన్ అణ్ణా, ఒరే నైట్."

కల్యాణమండపం ఖాళీయే, గేటు ఇరుకు.
లారీల యార్డులో చోటుంది, మలుపు లేదు.
పోలీసాయన లాఠీతో టైరు మీద తట్టి
పొమ్మన్నాడు.
ఎక్కడికో చెప్పలేదు.

రెడ్‌హిల్స్‌లో మూతబడ్డ రైస్‌మిల్లు.
వాచ్‌మన్ ముసలాయన తాళం తీస్తూ
ఎంతిస్తారని అడగలేదు.
"ఇది తిరిగితే కరెంటు వస్తుందా?" అన్నాడు.
మిల్లుకు లైను కోసేసి మూడేళ్లట.

ఒకప్పుడు వడ్లు ఎండిన గచ్చు మీద
తలా తోకా ఒకే చోట పడుకున్నాయి,
దారి పొడుగునా మొదటిసారి.

తెల్లారి చూస్తే
ఎర్రజెండా కట్టిన తాడు మీద
ఆయన లుంగీ ఆరేసి ఉంది.
ఓబుళేసు హారన్ కొట్టబోతే వద్దన్నాను.
అది ఆరేదాకా
ఇంజను స్టార్ట్ చెయ్యలేదు.