ఉత్తరం జరిగింది

ఈ వారం రెండు కాగితాలు వచ్చాయి.
ఒకటి విమానయాన శాఖ నుంచి:
భూమి లోపలి ఇనుము కదిలిందట,
దిక్సూచి ముల్లు ఏళ్ల తరబడి పక్కకి ఒరిగిందట,
మా రన్‌వే ఇక పదిహేడు కాదు, పద్దెనిమిదట.
రెండోది యూనివర్సిటీ పాలకమండలి నుంచి:
"సదరు ఆస్తి ప్రయోజనమును పునఃపరిశీలించ నిశ్చయించడమైనది."

ఒక ఉత్తరం జరిగింది. ఒక ఉత్తరం వచ్చింది.
నాకు మొదటిదాని పనే చేతనవును.
నల్లరంగు, తెల్లరంగు, రోలరు, సుద్దతాడు
బండిలో వేసుకుని
ఏడుని ఎనిమిది చెయ్యడానికి బయల్దేరాను.

ఇది ఒకప్పుడు గుండ్రున్ టోలెఫ్‌సన్ ఓట్స్ చేను.
యుద్ధం రోజుల్లో యూనివర్సిటీ వాళ్లు కొనడానికొస్తే
ధర దగ్గర పేచీ పెట్టలేదట ఆవిడ,
ఒక్క షరతు మాత్రం రాయించుకుంది:
విమానాలు మీవి. గడ్డి నాది.
ఇప్పటికీ జూన్‌లో ఆవిడ మునిమనవడు ట్రాక్టరేసుకొస్తాడు,
రేడియోలో చెప్పి మరీ రన్‌వే దాటతాడు.
"గడ్డి బండి తూర్పు నుంచి పడమరకి."
పైన తిరుగుతున్న విమానం ఆగుతుంది. ఆగాలి మరి.

పాత హ్యాంగర్ తలుపు మీద మేకుతో గీసిన పేర్లు పదకొండు.
ఎనిమిది వారాలు నేర్చుకుని వెళ్లిన కుర్రాళ్లు.
ఎందరు తిరిగొచ్చారో తలుపుకి తెలీదు.
రంగు వేసినప్పుడల్లా ఆ ఒక్క చెక్కా వదిలేస్తాం,
ఎవరూ వదలమని చెప్పలేదు.

కంట్రోల్ టవరా? లేదు.
రాత్రిపూట వచ్చేవాడు పైనుంచే
మైకు మీట అయిదుసార్లు నొక్కితే
డకోటా చీకట్లో రెండు వరసల దీపాలు లేస్తాయి,
పావుగంట ఉండి వాటంతటవే పడుకుంటాయి.
నేను లేకపోయినా.
ఈ సంగతి చాలాకాలం నన్ను బాధపెట్టింది.

ఊళ్లోకి వెళ్లాలంటే తుప్పు రంగు బ్యూక్ ఉంది.
తాళంచెవి దానికే వేలాడుతుంటుంది,
వాడినంత పెట్రోలు పోసి తేవాలి, అంతే.
ఎవరో ఒకాయన సంతకెళ్లి
వెనకసీట్లో గొర్రెపిల్లతో తిరిగొచ్చాడు.
ఆ వాసనా పోలేదు, నియమమూ మారలేదు.

పురుగుల ప్రొఫెసర్ ఎక్లండ్ గారు
రెక్కకి వల కట్టించి
మూడువేల అడుగుల మీద సాలీళ్లని పట్టేవారు.
సొంత దారం గాలికి వదిలి పైకెళ్తాయట అవి.
"రెక్కల్లేనివి ఎంత ఎత్తుకొస్తాయో చూడు వెర్నా" అనేవారు,
సీసా నా మొహం దగ్గర పెట్టి.
ముప్పయ్యొక్క ఏళ్లుగా ఇక్కడున్నాను,
విమానం నడపడం నేర్చుకోలేదు.
ఆయనకా సంగతి తెలుసో లేదో నేనడగలేదు.

మధ్యాహ్నం మారిబెల్ ఒచోవా
మొదటిసారి ఒంటరిగా లేచింది.
చక్కెరదుంపల లారీ తోలే వాళ్లమ్మ
బూట్ల మట్టితోనే వచ్చి కంచె పట్టుకుని నిలబడింది.
కాఫీ ఇచ్చాను. తాగలేదు, వదల్లేదు.
మూడు చుట్లు. మూడోసారి దిగుతూ
రేడియోలో అనాల్సినవన్నీ పొల్లుపోకుండా అని, చివర్న,
"వెర్నా, నీ ఎనిమిదికి నడుం కొంచెం వంకర" అంది.

నాకెలా తెలుస్తుంది?
అరవై అడుగుల అంకె అది.
దానిమీద నిలబడ్డవాళ్లకి
కాళ్లకింద తెల్లటి నేల, అంతే.

ఇక్కడి ఆనవాయితీ ప్రకారం
పిల్ల చొక్కా వెనక అంచు కత్తిరించాం,
పేరూ తేదీ రాసి గోడకి కొట్టాం.
గోడమీద వెలిసిన గళ్లు, చారలు, ఒక పెళ్లి చొక్కా ముక్క,
పేరు చెరిగిపోయినదొకటి.
కిటికీ పక్కన ఇంకా చోటుంది.

పాలకమండలి కాగితం వెనకవైపు ఖాళీగా ఉంటే
దానిమీదే లెక్క వేసుకున్నాను:
నడుం దగ్గర, ఎడమకి, నాలుగంగుళాలు.
పొద్దున్నే మంచు ఆరాక వెళ్లాలి.