రెండు వేళ్ళ లోతు

తెల్లవారుజామున నాలుగింటికి కృష్ణలంకలో
మా వ్యాన్‌లోకి ఎక్కేది పద్దెనిమిది క్యాన్ల పిండి.
ఇడ్లీది పన్నెండు, దోసెలది ఆరు.
గవర్నరుపేట హోటళ్ళు పొయ్యి వెలిగించేలోపు
నేను బందరు కాలువ దాటాలి.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను.
ఒక్కరోజులో అయితే తెలిసేదే.
రోజుకో బియ్యపుగింజంత
బ్రేకు పెడల్ కిందికి జారింది,
దాని వెంటే నా కాలూ జారింది.
ఉగాదికి పైనే పట్టేది.
రోహిణి ఎండలకి నడిమికి దిగింది.
వినాయకచవితికి నేల దగ్గర.
నేనేమో
పాత చెప్పు అరిగిందేమోనని
కొత్త జత కొనుక్కున్నాను.

ఆ రోజు వంతెన దిగుడులో ట్రాఫిక్ ఆగింది.
నేనూ ఆగాను. నిజంగానే ఆగాను.
తొక్కిన కాలు తొక్కినట్టే ఉంది,
దాని కింద పెడల్
నానిన అటుకుల్లా, మెల్లిగా, మర్యాదగా
దిగిపోవడం మొదలెట్టింది.
ముందు స్కూటరు మీద
పాలప్యాకెట్ల క్రేటు కట్టుకున్న కుర్రాడు.
వాడి నంబరు ప్లేటు మీద అంకెలు
చూస్తుండగానే పెద్దవవుతున్నాయి.
హ్యాండ్‌బ్రేక్ లాగాను.
వెనక క్యాన్లన్నీ ఒక్కసారి గుడగుడమన్నాయి.
ఆ కుర్రాడు వెనక్కి తిరిగి చూడనైనా లేదు.
వాడికేం జరగలేదు.
జరిగిందంతా నాకే.

ఆటోనగర్లో మొహిద్దీన్
ముందుగా రెంచీ పట్టడు.
టైర్ల వంక కూడా చూడడు.
చెప్పులు విప్పి నా సీట్లో కూర్చుని
కళ్ళు మూసుకుని ఉత్త కాలితో తొక్కుతాడు,
మా అత్త రుబ్బురోట్లో మినప్పప్పు
నలిగిందో లేదో వేళ్ళతో చూసినట్టు.
"రాయిలా బిగుసుకుంటే ఒక రోగం నాంచారమ్మ గారూ,
ఇంజను సాయం అందట్లేదని.
కాలికి గడగడ కొడితే డిస్కు వంకర.
రెండుమూడు సార్లు కొడితే పైకొస్తుందా, లోపల గాలి చేరింది.
పట్టి ఉంచితే దిగిపోతుందా, సీలు ముసలిదైంది.
మీకు ఆఖరి రెండూ ఉన్నాయి."
అనేసి టీకి పోయాడు.

ప్రభుదాసు వ్యాన్ కింద దూరాడు. నేను సీట్లో.
"తొక్కండి. పట్టండి. వదలండి.
తొక్కండి. పట్టండమ్మా, అప్పుడే వదలొద్దు."
చక్రం దగ్గర్నుంచి సన్నటి గొట్టం కూల్‌డ్రింకు సీసాలోకి.
కాసేపటికి వాడు సీసా ఎత్తి చూపించాడు.
నిన్నటి డికాక్షన్ రంగు ఆయిల్లో
వరసకట్టి బుడగలు.

నవ్వొచ్చింది నాకు.
ఇరవైరెండేళ్ళుగా బుడగ మీదే బతుకుతున్నదాన్ని.
చలికాలం గిన్నెల మీద గోనెపట్టాలు కప్పి
పిండిలో గాలి పుట్టిందా లేదా అని
రాత్రి రెండింటికి లేచి వేలు పెట్టి చూసేదాన్ని.
పొంగలేదా, ఇడ్లీ రాయి, నా బేరం గంగపాలు.
ఇక్కడ అదే బుడగ
నా కాలి మాట చక్రం దాకా పోనివ్వకుండా
మధ్యలో కూర్చుని తానే నలుగుతోంది.
గాలి నలుగుతుంది. ఆయిలు నలగదు.
ఇంతే సంగతి.
ఇంత సంగతీ ఆర్నెల్లు నాకు తెలీలేదు.

కొత్త సీలు, కొత్త ఆయిలు.
"ఇదిగో, ఇంత లోతులో పట్టాలి" అని
మొహిద్దీన్ రెండు వేళ్ళు ఆనించి చూపించాడు.
బియ్యం మీద నీళ్ళు నేను కొలిచేదీ
ఆ రెండు వేళ్ళతోనే.

షెడ్డు దాటిన మొదటి మలుపులోనే
పాత అలవాటున నేలదాకా తొక్కబోయాను.
వ్యాన్ ఠక్కున నిలబడింది.
ఖాళీ క్యాన్లు దొర్లాయి.
వెనకాల ఆటో అబ్బాయి అన్నమాట ఇక్కడ రాయను.
బండి ఒక్క పూటలో బాగైంది.
కాలికి నెల పట్టింది.

ఇప్పుడు రోజూ తాళం తిప్పకముందు
ఒకసారి తొక్కి, పట్టి ఉంచి
పది దాకా లెక్కపెడతాను, చెప్పులు విప్పి.
ముగ్గేస్తూ ఎదురింటి సౌభాగ్యం చూస్తుంది,
దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నానని
ఆమె లెక్క.
అనుకోనీ.