ఎనిమిది గంటల అంకె

పొద్దున ఎనిమిదికి ముందు
ఈ ఊర్ల ఏ ఆఫీసూ తెరవదు, నాది తప్ప.
నాదానికి తలుపు లేదు. ఇరవై ఆరు మెట్లు,
మెట్ల పక్కన నలుపూ తెలుపూ పూసిన కొలబద్ద,
పాకుడు పట్టిన మీటర్లు.

వంగి చూస్త.
రెండు అలల నడుమ అంకెను పట్టాలె,
చెయ్యి తడవకుండ చేపను పట్టినట్టు.
తర్వాత ఫోన్ చేస్త. అవతల ఎవరో "ఊఁ" అంటరు.
పందొమ్మిదేండ్లల్ల
"ఊఁ" అనే గొంతులు నాలుగు మారినయి.
నా కొలువు ఇంకా తాత్కాలికమే.

మా పుట్లరేవు ఒకప్పుడు తాలూకా.
కచేరీ గుమ్మం మీద ఉర్దూ రాయి ఉంది.
సున్నం వేసినప్పుడల్లా ఒక్కో అక్షరం మునిగి
ఇప్పుడు చదవగలిగేది మహమూద్ చాచా ఒక్కడే.
ఆయన కూడ రాయిని చూసి చదవడు,
గోడకు వీపు ఆనించి చదువుతడు.

వెనక జైలు, రెండు కొట్లు.
ఒకదాంట్ల పాత ఓటు పెట్టెలు,
ఇంకోదాంట్ల హాస్టలు పిల్లల సొట్ట ట్రంకులు.
తాళం మాత్రం ఇప్పటికీ
లోపల మనిషి ఉన్నట్టే రెండుసార్లు లాగి చూస్తరు.

గ్రంథాలయానికి వచ్చేది ముగ్గురు:
పోలీసు పరీక్షకు చదివే పిల్లలిద్దరు,
ఫ్యాను కింద నిద్రపోయే మనిషొకడు.
ఆ మూడో మనిషి ఎవరో నన్ను అడగొద్దు.
ఎనిమిది దాటితే నాకు పని ఉండదు.

కొత్త జిల్లాలొచ్చిన ఏడు
ముందు ట్రెజరీ పోయింది,
తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసు.
డీసీఎం బండిల ఎక్కించి తాడు బిగిస్తే
నూరేండ్ల దస్తావేజులు పల్లీ బస్తాల లెక్క కనబడ్డయి.
అవి రాసి రాసి వేలు వంగిన కురుమన్న
బండి వెనకాలే బస్టాండు దాకా నడిచి
అక్కడ ఒక చాయ్ తాగి
ఏమీ అనకుండ మళ్ళొచ్చిండు.

ఆయన బల్ల మీద ఇప్పుడు మిర్చి బజ్జీ.
పొట్లాలకు ఆయన పాత నకళ్ళే:
తూర్పున కాలువ, పడమర బిచ్చన్న చేను,
ఉత్తరాన బండ్లబాట, దక్షిణాన ఏరు.
నూనె పీల్చంగనే కాయితం అద్దమైతది,
ఒకరి చేన్లకెళ్ళి ఇంకొకరి చేను కనబడతది.

దక్షిణాన ఏరు.
ఆ ఒక్క హద్దే మాట తప్పింది.
డ్యాము కట్టినంక నాలుగు దిక్కులా అదే.

అందుకే మాఘం దాటితే జమ్ములమ్మ రోజూ వస్తది.
"ఎంత నాయనా?"
అంకె చెప్త. తల అడ్డంగ ఊపుతది.
"అది సర్కారుకు చెప్పు. నాకు తుమ్మ మొద్దు చెప్పు."

ఆమె మూడెకరాలకు మామ కాలంలనే పైసలిచ్చిండ్రు.
కాయితం మీద ఆ భూమి ఆమెది కాదు.
ఎండాకాలం మూడు నెలలు మాత్రం
నది ఆ కాయితం చదవదు.
ఒండ్రు తేలితే పుచ్చ గింజలు పెడతది,
కాయ ఎదిగే దాకా మొగులుకెల్లి చూడదు.

నిన్న అంకె రెండు వందల అరవై ఒకటి పాయింట్ నాలుగు.
ఫోన్‌ల చెప్పిన.
నోరు ఊరుకోలేదు, "తుమ్మ మొద్దు తేలింది సార్" అన్న.
అవతల "ఊఁ" రాలేదు.
కొంచెం ఆగి, "ఏం తేలింది?"
పందొమ్మిదేండ్లల్ల మొదటి ప్రశ్న.
జవాబు చెప్పేలోపు సిగ్నల్ పోయింది.
రిజిస్టర్ల దానికి గడి లేదు.
రిమార్కుల కింద రాసిన, అక్షరం చిన్నగ.

తలెత్తి చూస్తే
ఆమె అప్పటికే మల్దకలయ్య పుట్టిల కూసుంది,
కొంగున గింజల ముడి.
పుట్టికి ముందూ వెనకా ఉండదు కద,
తెడ్డు వేసిన కొద్దీ గిర్రున తిరుగుతనే పోతది.
ఆమె కదలకుండనే
కచేరీ, ఠాణా, దర్గా గుమ్మటం, నీళ్ళ ట్యాంకి,
మెట్ల మీద పుస్తకం పట్టుకున్న నేను,
మళ్ళ కచేరీ