షట్టరింగ్ పలక మీద లెక్క

పంప్ రావడానికి ఇంకా గంటుంది.
రస్ అల్ ఖైమా ఉక్కపోత
హెల్మెట్ పట్టీ వెంట చుక్కచుక్కగా దిగుతోంది.
కమ్మీలు కట్టే లస్మయ్య, మెట్‌పల్లి మనిషి,
కటింగ్ ప్లయర్ జేబులో దోపుకుని అడిగాడు:
"మా రవళి సివిల్ తీసుకుంటనంటోంది సార్.
గిట్టుబాటయితదా?"

వడ్రంగి పెన్సిల్ అడిగి తీసుకుని
పలక మీదే వేశాను.
బ్యాంకు ఇచ్చింది నాలుగున్నర లక్షలు.
నాకు ఉద్యోగం దొరికేలోగా ఆరు దాటింది.
కాంక్రీటుకైతే రోజూ నీళ్ళు పట్టాలి,
వడ్డీ దానంతటదే గట్టిపడుతుంది.
జీతం మూడువేల రెండొందల దిర్హాములు.
గదిలో మంచానికి ఏడొందలు. కిస్తీకి ఆరొందలు.
తిండీ ఫోనూ కలిపి ఐదొందలు.

తన అంకె తనే చెప్పాడు:
"ఓటీతోని రెండువేలు. క్యాంపు కంపెనీదే.
తిండికి నాలుగొందలు.
వీసా అప్పు రెండేండ్లల్ల తెంపిన."
నాది ఇంకా నాలుగేళ్ళుంది.
కింద గీత గీశాను.
నాకంటే అతనికే రెండొందలు ఎక్కువ మిగిలింది.

ఆ రెండొందల్ని ఇద్దరం కాసేపు చూస్తూ ఉండిపోయాం.
చదవొద్దనే అనబోయాను.
"నా మోకాళ్ళు యాడ రాసినవ్ సార్?" అన్నాడు.
అంతలో పంప్ వచ్చేసింది.

మూడోనాడు పలక ఊడదీస్తే
గోడ మీద నా అంకెలన్నీ
తిరగబడి అచ్చుపడ్డాయి.
కన్సల్టెంట్ రాకముందే గ్రైండర్ పట్టించమన్నారు.
లస్మయ్య ఆగమని చెయ్యెత్తి
ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.
అద్దంలో పెట్టి చదువుకుంటుందిలే, అని
బిడ్డకు పంపాడు.
కింద ఏం రాశాడో మాత్రం
నాకు చూపించలేదు.