ఆకురాయి చేతులు

ష్వెరీన్ సరస్సు మీద
మంచు పెళ్లలు విడిపోయే నెలలో
నేను షెడ్డు తలుపు తీయకముందే వచ్చి
మెట్టు మీద కూచునేది వీబ్కె ఓల్‌రోగ్గె.
పదిహేనేళ్ల పిల్ల.
చేపలు పొగబెట్టి అమ్మే ఇల్లు కాబట్టి
జడలో కూడా కట్టెపొగ వాసన.
"ఒక తాళం చెవి నాకివ్వకూడదా, డెట్లెఫ్?"
క్లబ్బు రూల్సు ఒప్పుకోవు.
ఇచ్చేశాను.

ఈ ఆటలో గెలుపుకి వీపు తిప్పి కూచోవాలి.
వెనకబడ్డవాళ్ల ముఖాలే ఎదురుగా కనిపిస్తాయి,
ఒడ్డున పడ్డ చేపల్లా నోళ్లు తెరుచుకుని.
ఆమె వాళ్ల వంక చూసేది కాదు.
తెడ్డు లేచిన చోట నీళ్లలో మిగిలే సుడిని చూసేది.
అది ఎంతసేపు చెదరకుండా ఉంటే
అంత బాగా లాగినట్టట.

పద్నాలుగు కిలోల పడవ. జారుడు పీట.
ఏడున్నర నిమిషాల పందెం.
దానికోసం పదకొండు చలికాలాలు.

మొదటి ప్రపంచ పతకానికి
పేపర్లో నాలుగు లైన్లు, పేరులో ఒక అక్షరం తప్పు.
స్టేషన్‌కి వెళ్లింది నేనూ వాళ్లమ్మా,
కాగితంలో చుట్టిన పొగచేప ఒకటీ.
రెండోసారి మేయరు వచ్చాడు.
కరచాలనం చేసి, ఆకురాయి తగిలినట్టు
చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

తర్వాత మజ్జిగ కంపెనీ వాళ్లు దిగారు.
పొడిగా ఉన్న నా షెడ్డు నేల మీద
అందం కోసం నీళ్లు చల్లారు.
గ్లాసు పట్టుకోమన్నారు, అరచేతులు చూశారు,
తమలో తాము గుసగుసలాడుకున్నారు.
మర్నాడు హాంబుర్గ్ నుంచి
సన్నటి వేళ్ల అమ్మాయి ఒకతి రైల్లో వచ్చింది.
ప్యాకెట్ మీద ముఖం వీబ్కెది,
చేతులు ఆ అమ్మాయివి.

ఆ వేసవంతా దేశమంతా ఆమే.
లారీల మీద ఆమే, ట్రాముల మీద ఆమే.
బేకరీలో తెడ్డు ఆకారంలో రొట్టెలు,
మంగలి షాపుల్లో ఆమె జడ.
పతకాల సంగతి అడిగినవాడు లేడు,
రోజుకెన్ని గ్లాసులు తాగుతావనే అందరూ.
పాల వాసనకే ఆమెకు కడుపులో తిప్పుతుందని
వాళ్లమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మరుసటేడు ఫైనల్లో పక్కటెముక చిట్లింది.
నాలుగో స్థానం.
గట్టు మీద వేలమంది
ఖాళీ ప్యాకెట్లు ఊపుతూ ఒకటే కేకలు.
ఓడిందని గమనించినవాళ్లు తక్కువ.
పడవ దించి భుజానికెత్తుకుంటూ
"వీళ్లెవరి కోసం అరుస్తున్నారు?" అంది.
నా దగ్గర జవాబు లేదు, నట్లు బిగిస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు ప్యాకెట్ మీద ఎవరో స్కీయింగ్ కుర్రాడు.

మొన్న ఒక పిల్ల పాత ప్యాకెట్ పట్టుకొచ్చింది, సంతకానికి.
బొమ్మ వైపు చూసింది, పెన్ను పట్టిన చేతి వైపు చూసింది.
"ఇవి మీ చేతులు కావు" అంది, దొంగని పట్టుకున్నట్టు.
ఇన్నేళ్లలో వీబ్కె అంతలా నవ్వడం నేను చూడలేదు.
అరచెయ్యి చాపింది.
పిల్ల ఒక్కో కాయనీ వేలితో తడిమింది.
"నొప్పా?"
"చలికాలంలో కాస్త."

షెడ్డు తాళం ఇంకా ఆమె దగ్గరే ఉంది.
తెల్లారకముందే పీట జారిన చప్పుడు
కొన్ని రోజులు వినిపిస్తుంది, కొన్ని రోజులు లేదు.
నేను అడగను.