అరగదీసిన మూడు

అయస్కాంతం జేబులో వేసుకుని రమ్మన్నాడు బ్రోకరు బెనర్జీ.
ఆటోనగర్ నాలుగో క్రాసు, లారీ బాడీల షెడ్డు వెనక,
టార్పాలిన్ కింద
నేలకి జానెడెత్తులో పడుకుని ఉంది బండి.
గుంటూరు నుంచి శేషఫణిగారొచ్చారు,
మిర్చి కోల్డు స్టోరేజీల ఆసామి.
చొక్కా మీద ఇంకా ఘాటు. నాకు రెండు తుమ్ములు.

"స్టాండర్డ్ హెరాల్డే, కానీ హెరాల్డ్ కాదు.
పెరంబూరు లియోనార్డ్ టాపు కోసి, నడుం దించి,
రెండు కార్బొరేటర్లు బిగించి
షోలవరం పందేలకి కట్టినవి ఆరంటే ఆరు.
ఐదింటి లెక్క తేలింది. ఇది ఆరోది."
ధర చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించాడు బెనర్జీ,
బండి వింటే సిగ్గుపడుతుందన్నట్టు.

నేను మాటలు వినను, రేకు వింటాను.
వేలి కణుపుతో కొడితే
మంచి రేకు కంచంలా పలుకుతుంది,
లప్పం పెట్టింది గుమ్మడికాయలా మూలుగుతుంది.
ఎడమ మడ్గార్డు దగ్గర అయస్కాంతం జారి పడింది.
దాంతోపాటే శేషఫణిగారి మొహం.
బ్లేడుతో గోరంత గీకాను.
ఎరుపు, ఎరుపు కింద బూడిదరంగు, దాని కింద
లప్పం కాదు,
సీసం. తళుక్కుమంది.
"చూశారా! సీసం పోసేది లియోనార్డే!
మనూళ్ళో ఎవడికి చేతనవును?"

మనూళ్ళో.
నా కుడి మణికట్టు మీద మూడు తెల్లమచ్చలున్నాయి.
పన్నెండేళ్ళప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి
సీసం పలకలు ఏరుతుంటే యాసిడ్ చిందిన చోట్లు.
వాటిని సందానీ మేస్త్రీ
చెవి విరిగిన ఇనప మూకుట్లో కరిగించేవాడు.
టేకు చెక్కకి కొవ్వు రాసి
దోసె మీద వెన్నలా పూసేవాడు,
నోట్లో బీడీ ఎప్పుడో ఆరిపోయిన సంగతి మరిచి.

అయినా నమ్మలేదు నేను.
సి-బుక్కు పట్టుకుని బండి కిందకి దూరాను.
ఇంజను నంబరు సరే. ఫ్యాక్టరీ అచ్చు, చెక్కుచెదరలేదు.
ఛాసిస్ పట్టీని కిరసనాయిలు గుడ్డతో తుడిచాను.
నాలుగు, ఒకటి, మూడు...
మూడుకి ఎడమవైపు
పడీపడని రెండు గీతల నీడ.

మా పంచుల పెట్టెలో మూడు బందరు కాలవలో పడిపోయింది.
కొత్తది కొనే రోజులు కావు.
మేస్త్రీ ఇంకో ఎనిమిదిని సాన మీద అరగదీసి మూడు చేశాడు.
ఆ ఏడు మేం కొట్టిన ప్రతి మూడూ
పోయిన సగాన్ని తలుచుకుంటూనే ఉంది.

ఇబ్రహీంపట్నం దగ్గర కాలిపోయిన బండి.
లారీ మీంచి దింపింది ఇంజనూ, కాస్త ఇనుమూ,
తడిసి ముడుచుకున్న ఫోటో ఒకటి.
ఆ ఫోటో చూసి తొమ్మిది నెలలు కొట్టాం ఈ రేకుని.
సుత్తి ఆయనది. వెనక దిమ్మె పట్టుకుంది నేను.

వీపుకి మట్టి అంటుకుని బయటికొచ్చాను.
"ఒక్క మాట చెప్పవయ్యా, అసలా? నకిలీనా?"
ఇంజను ఆయనది, మిగతాది మాది అన్నాను.
"మాది అంటే?"
సందానీ మేస్త్రీది.
శేషఫణిగారు మర్యాదస్తులు.
ఒప్పుకున్న రెండు వేలూ చేతిలో పెట్టి,
చెప్పులు దులుపుకుని, వారధి మీదుగా వెళ్ళిపోయారు.

బెనర్జీ తిట్టలేదు. తిడితే బాగుండేది.
"ఆ పేరు చెబితే ఎంతొస్తుంది?" అన్నాడు,
నిజంగానే తెలుసుకోవాలని.
నాకు తెలీదు.
ఆ పేరు మీద ఇంతవరకూ ఎవరూ ఏదీ అమ్మలేదు.

హెరాల్డుకి మూతి మొత్తం ముందుకి వాలుతుంది.
మూసేటప్పుడు ఎడమవైపు
మోకాలితో చిన్న నెట్టు నెట్టాలి, లేకపోతే కొక్కెం పట్టదు.
అది సందానీ తప్పు. చివరిదాకా సరిచెయ్యలేకపోయాడు.
ఎవరు కొన్నా ఈ సంగతి చెప్పు అందామనుకునేలోగా
నా మోకాలు నెట్టేసింది.